రోజూ వేలికుండే పెళ్లి ఉంగరం: ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి

మా అమ్మ పెళ్లి ఉంగరం ఇప్పుడు నా దగ్గర ఉంది. కొన్నప్పుడు అరకాసు, అంటే 4 గ్రాములు. మొన్న తూకం వేయిస్తే 3 గ్రాములకు కొంచెం తక్కువే తూగింది. నలభై ఏళ్లకు పైగా పిండి కలిపి, గిన్నెలు తోమి, బట్టలు పిండి, బిందెలు మోసిన చేతికి ఉన్న ఉంగరం అది. పైన చెక్కిన మామిడి పిందె చాలావరకు చెరిగిపోయింది. అరచేతి వైపు తీగలా సన్నబడింది. కళ్లు మూసుకుని తడిమినా ఎక్కడ అరిగిందో వేలికి తెలుస్తుంది.

పెళ్లికి మనం కొనే నగల్లో హారం, వడ్డాణం, వంకీలు ఏడాదిలో నాలుగుసార్లు బయటికొస్తాయి, మళ్లీ లాకర్లోకి పోతాయి. రోజూ ఒంటి మీద ఉండేవి మూడే: మంగళసూత్రం, మెట్టెలు, ఉంగరం. వాటిలో ఎక్కువ దెబ్బలు తినేది ఉంగరం. అయినా ఉంగరం దగ్గరికి వచ్చేసరికి మనం హారం కొన్నట్టే కొంటాం. ఎంత మెరుస్తోంది, ఎంత పెద్దగా కనిపిస్తోంది, రేపు అమ్మితే ఎంత వస్తుంది అనే చూస్తాం. ఆ చెయ్యి రోజంతా ఏం పని చేస్తుంది అని మాత్రం ఎవరూ అడగరు. నేను మొదట అడిగేది అదే.

ఆ మధ్య మా అక్క కూతురి నిశ్చితార్థానికి ఉంగరం కొనడానికి రెండు కుటుంబాలూ కలిసి వెళ్లాం. పిల్ల హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సు. పెళ్లికొడుకు వాళ్ల అమ్మ, నాకు వరసకు వదినగారు, మంచి మనసుతో పెద్ద రాళ్ల ఉంగరం ఎంచారు. నడుమ ఒక రాయి, చుట్టూ పన్నెండు చిన్న రాళ్లు. "ఒక్కగానొక్క కోడలికి సన్న రింగు పెడితే నలుగురూ ఏమనుకుంటారు వదినా?" అన్నారు. పిల్ల పెట్టుకుని చూసి నవ్వింది, తర్వాత నా పక్కకు జరిగి, "పిన్నీ, చాలా బాగుంది. కానీ డ్యూటీలో గ్లవ్స్ చిరిగిపోతాయి" అంది నెమ్మదిగా. రోజుకు ఎన్నోసార్లు చేతులు కడుక్కుని, గ్లవ్స్ మార్చే పిల్లకు అలాంటి ఉంగరం ఇస్తే అది బీరువాలోనే ఉంటుంది. అక్కడి నుంచి మా బేరం మారింది. ఆ రోజు మేం చూసినవీ, అంతకుముందు నా సొంత ఉంగరంతో నేను నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

రాయి ఉన్నదా, సాదాదా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. క్యారెట్ల సంగతి దీని తర్వాతే వస్తుంది.

నా నిశ్చితార్థపు ఉంగరం ఏడు రాళ్లది. పెళ్లయిన మూడో ఏడాది ఒక రోజు చపాతీ పిండి కలిపి చెయ్యి కడుక్కుంటుంటే, పువ్వు మధ్యలో నల్లగా ఒక గుంట కనిపించింది. రాయి లేదు. పిండి మొత్తం నీళ్లలో పిసికి వడకట్టాను, సింకు పైపు విప్పించాను. దొరకలేదు. కొన్న షాపుకు తీసుకెళ్తే, రాళ్లకు గ్యారంటీ లేదని బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించారు. అప్పుడే వాళ్లు ఉంగరాన్ని లెన్సు కింద పెట్టి చూపించారు. రాయిని పట్టుకునే చిన్న కొక్కేల కొసలు మొదట గుండ్రంగా ఉండాలి. నావి బల్లపరుపుగా అరిగిపోయి, రెండు పైకి లేచి ఉన్నాయి. చీర పోగులు తరచూ దానికి తగులుకుంటుంటే చీరనే తిట్టుకున్నాను, కొక్కెం లేచిందని అప్పట్లో నాకు తెలియలేదు.

అందుకే రాళ్లది కొనాలనుకుంటే రాయికన్నా ముందు దాన్ని ఎలా బిగించారో చూడండి. నాలుగు లేదా ఆరు కొక్కేలతో ఎత్తుగా నిలబెట్టేది ప్రాంగ్ సెట్టింగ్. వెలుతురు బాగా పడి రాయి మెరుస్తుంది, కానీ జుట్టుకు, చీరకు, పసిపిల్లల చర్మానికి తగులుతుంది. రాయి చుట్టూ బంగారపు అంచును మడిచి మూసేది బెజెల్. మెరుపు కొంచెం తగ్గినా రాయి భద్రంగా ఉంటుంది, ఎత్తు తక్కువ, దేనికీ తగులుకోదు. రోజూ పెట్టుకునే చేతికి నేను రెండోదే చెబుతాను. ప్రాంగ్ మీదే మనసుంటే కనీసం ఆరు కొక్కేలు ఉన్నది తీసుకోండి, ఒకటి పోయినా మిగిలినవి కాస్త కాపాడతాయి.

రాళ్లన్నీ ఒకేలా గట్టిగా ఉండవు. వజ్రం అన్నిటికన్నా గట్టిది, కెంపు, నీలం దాని తర్వాతివి. ఈ మూడూ రోజువారీ వాడకానికి తట్టుకుంటాయి. పచ్చ గట్టిదే అయినా లోపల సహజంగా పగుళ్లుంటాయి, వాటిని నూనెతో నింపుతారు, అందుకని దెబ్బలకూ వేడికీ ఆగదు. ముత్యం, పగడం చాలా మెత్తనివి. సబ్బునీళ్లు, చెమట, సెంటు తగిలినా వాటి కాంతి తగ్గిపోతుంది. జాతకం చూసి ముత్యమో పగడమో పెట్టుకోమన్నారంటే దానికి వేరే ఉంగరం చేయించుకోండి, పెళ్లి ఉంగరంలో కలపకండి.

వజ్రమైతే ఇంకో మాట. ల్యాబ్‌లో తయారైన వజ్రం కూడా రసాయనికంగా వజ్రమే, కంటితో తేడా తెలియదు, ధర మాత్రం చాలా తక్కువ. తిరిగి అమ్మితే వచ్చేది కూడా తక్కువే. ఏది కొంటున్నారో సర్టిఫికెట్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. బంగారం స్వచ్ఛతకు వేసే హాల్‌మార్క్ ముద్ర రాయికి హామీ కాదు, ఈ రెండూ వేర్వేరు.

ఇక సాదా ఉంగరం. రాలేది లేదు, తగులుకునేది లేదు. గీతలు పడితే మెరుగు పెట్టిస్తే పోతాయి. సైజు పెంచాలన్నా తగ్గించాలన్నా ఏ కంసాలి అయినా చేస్తాడు. అమ్మినా తరుగు తప్ప పెద్ద నష్టం లేదు. చర్చిలో ఉంగరాలు మార్చుకునే క్రైస్తవ కుటుంబాలు ఎక్కువగా ఇవే ఎందుకు ఎంచుకుంటారో కొన్నేళ్లు వాడాక నాకు అర్థమైంది. చేతిపని ఎక్కువ చేసే వాళ్లకు, అంటే నర్సులకు, టీచర్లకు, టైలర్లకు, పొలం పనులకు వెళ్లే వాళ్లకు, చంటిపిల్లల తల్లులకు ఇదే సరైనదని నా గట్టి నమ్మకం. ఫంక్షన్లకు రాళ్లది కావాలనిపిస్తే పెళ్లిరోజుకో, మరో శుభకార్యానికో విడిగా కొనుక్కోవచ్చు.

22, 18, 14: ఏ క్యారెట్?

ఒక చిక్కు ముందే విప్పుతాను. బంగారానికి చెప్పే క్యారెట్ స్వచ్ఛత. వజ్రానికి చెప్పే క్యారెట్ బరువు, ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. తెలుగులో రెండిటినీ ఒకేలా పలుకుతాం కాబట్టి షాపులో "పద్దెనిమిది క్యారెట్" అన్నా "అర క్యారెట్" అన్నా దేని గురించో ఆగి అడగండి.

22 క్యారెట్ అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, మిగతాది వెండి, రాగి. 18 అంటే 750 పాళ్లు. 14 అంటే 585. బంగారం ధర పెరిగాక 2025లో 9 క్యారెట్‌కు కూడా హాల్‌మార్క్ వచ్చింది, దానిలో బంగారం 375 పాళ్లే. 24 క్యారెట్ మేలిమి బంగారం ఉంగరానికి పనికిరాదు, వేలితో గట్టిగా నొక్కితే వంగేంత మెత్తన.

మన ఇళ్లలో 22 కాకపోతే అది బంగారమే కాదన్నట్టు చూస్తారు. సాదా ఉంగరానికి నేనూ 22 వైపే. ఆ పసుపు రంగు మన చేతులకు నప్పుతుంది, ఎక్కడైనా మార్చుకోవచ్చు. కానీ అది మెత్తన కాబట్టి దళసరిగా ఉండాలి. ఒకటిన్నర గ్రాముల్లో పలచగా చేసిన 22 క్యారెట్ ఉంగరం స్కూటర్ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నా కోడిగుడ్డులా వంగిపోతుంది. రోజూ వాడేదైతే 3 గ్రాములకు తగ్గొద్దు, 4 గ్రాములుంటే నిశ్చింత. ఇంకో సంగతి: 2 గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. మరీ తేలిక ఉంగరం కొంటే ఆ రక్షణ కూడా ఉండకపోవచ్చు.

రాళ్లదైతే 18 తీసుకోండి. కొక్కేలు గట్టిగా ఉండాలంటే అందులో వేరే లోహం ఆ మాత్రం కలవాలి. వజ్రాల ఉంగరాలు ఎక్కువగా 18లో ఎందుకు చేస్తారని చాలామంది అనుమానపడతారు. మోసమేమీ లేదు, రాయిని పట్టుకోవడానికే. 18 క్యారెట్ సాంద్రత తక్కువ కాబట్టి, 22లో 4 గ్రాములు తూగే ఉంగరం అదే సైజులో 18లో చేస్తే దాదాపు మూడున్నర గ్రాములే వస్తుంది. తూకం తగ్గిందని కంగారు పడకండి.

14, 9 క్యారెట్లు గట్టివి, చవక. అయితే రాగి, వెండి పాళ్లు ఎక్కువ కాబట్టి చెమటకు రంగు మారొచ్చు, కొందరికి వేలు నల్లబడుతుంది. మన ఊళ్లలో మార్చుకోవడమూ కష్టమే. బడ్జెట్ బాగా టైట్‌గా ఉంటే అప్పుచేసి 22 కొనే బదులు 14 కొనడంలో తప్పేం లేదు. పెళ్లికని వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్న ఉంగరం ఏడాది తిరక్కుండా తాకట్టుకు వెళ్లడం నేను చూశాను.

రంగుల సంగతి క్లుప్తంగా. రోజ్ గోల్డ్‌లో రాగి ఎక్కువ, రంగు లోపలిదాకా ఒకటే కాబట్టి వెలిసిపోదు. వైట్ గోల్డ్ అలా కాదు. దాని తెల్లదనం చాలావరకు పైన వేసిన రోడియం అనే తెల్లని లోహపు పూతది. రోజూ వాడితే ఒకటి రెండేళ్లలో లోపలి లేత పసుపు బయటపడుతుంది, మళ్లీ పూత వేయించాలి. కొన్నిట్లో నికెల్ ఉంటుంది, గిల్టు నగలు పడక చెవులు దురదపెట్టే వాళ్లకు ఇదీ పడకపోవచ్చు. ప్లాటినం మన్నికైనది, బరువైనది, పెద్దగా అరగదు. కానీ సైజు మార్చాలంటే చిన్న ఊళ్లో చేసేవాళ్లు దొరకరు.

రెండు ఉంగరాలు ఒకే వేలికి పెట్టుకునే అలవాటుంటే ఒక జాగ్రత్త ఉంది. 18 క్యారెట్ వజ్రపు ఉంగరం పక్కనే 22 క్యారెట్ సాదాది పెడితే, గట్టిది మెత్తనిదాన్ని ఆకురాయిలా రోజూ కొంచెం కొంచెం అరగదీస్తుంది. వేళ్లు మార్చండి, లేదా రెండూ ఒకే క్యారెట్‌లో తీసుకోండి.

బిల్లు దగ్గర ఆగి చూడాల్సినవి

తూకం భాష ప్రాంతానికో తీరు. ఆంధ్రలో కాసు అంటే 8 గ్రాములు. తెలంగాణలో తులం లెక్క, ఇప్పుడు తులమంటే షాపులో 10 గ్రాములు, పాతకాలపు తులం 11.66 గ్రాములు. రెండు ప్రాంతాల వియ్యంకులు మాట్లాడుకునేటప్పుడు "అర తులం", "అరకాసు" ఒకటే అనుకుని తర్వాత మనసులు నొచ్చుకోవడం ఉంది. గ్రాముల్లో మాట్లాడుకుంటే గొడవ ఉండదు.

లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. 4 గ్రాముల సాదా ఉంగరానికి బంగారం విలువ 40,000. తరుగు 12 శాతం వేశారంటే 4,800. మొత్తం 44,800 మీద 3 శాతం జీఎస్టీ 1,344. వెరసి 46,144. దీనికి తోడు హాల్‌మార్క్ ఛార్జీ నగకు 45 రూపాయలు, దాని మీద పన్ను. ఇందులో బేరమాడగలిగేది తరుగు ఒక్కటే, అక్కడ మొహమాటపడకండి. సాదా ఉంగరంలో పనితనం తక్కువ కాబట్టి నగిషీ ఉన్న దాని శాతమే దీనికీ వేస్తే ఎందుకని అడగండి. కొందరు తరుగు వేరు, మజూరీ, అంటే చేతికూలి, వేరు అని రెండుసార్లు రాస్తారు, అప్పుడు రెండూ కలిపి ఎంతయిందో చూసి పోల్చండి.

రాళ్ల ఉంగరానికి అసలు మెలిక తూకంలో ఉంటుంది. రాళ్లతో కలిపి తూగేది గ్రాస్ వెయిట్, రాళ్లు తీసేస్తే నెట్ వెయిట్. రాళ్ల బరువు 0.4 గ్రాములు ఉండి, దాన్ని కూడా బంగారం కింద కలిపేస్తే పై ధరలో 4,000 రూపాయలు ఎక్కువ కట్టినట్టే. బిల్లులో నెట్ వెయిట్, స్వచ్ఛత, రాళ్ల విలువ, హాల్‌మార్క్ ఛార్జీ విడివిడిగా ఉండాలి. అలా రాయమంటే "మా దగ్గర అందరికీ ఇంతే" అనే చోట నేను కొనను.

హాల్‌మార్క్ ఉంగరం లోపలివైపు ఉంటుంది, చాలా చిన్నది, భూతద్దం ఇమ్మని అడగండి. మూడు గుర్తులు చూడాలి: త్రికోణంలా ఉండే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, 22కే916 లాంటి స్వచ్ఛత గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క నగకే ఉండే నంబరు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరు గుర్తుల నంబరు లేకుండా అమ్మకూడదు. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఏ వస్తువు, ఎంత స్వచ్ఛత, ఎక్కడ ముద్ర వేశారు అన్నీ వస్తాయి. చేతిలో ఉంగరం ఉండి యాప్‌లో చెయిన్ అని వస్తే అక్కడే ఆపేయండి. ముద్ర ఉన్న దానిలో స్వచ్ఛత తక్కువని తేలితే, తేడా విలువకు రెండింతలూ పరీక్ష ఖర్చూ కొన్నవాళ్లకు ఇవ్వాలని నిబంధన ఉంది. ఆ హక్కు వాడుకోవాలంటే బిల్లు ఉండాలి. "బిల్లు వద్దంటే జీఎస్టీ తగ్గిస్తాం" అన్న మాటకు పడిపోతే రేపు అడగడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

కేడీఎం అని పాత బోర్డులు ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తాయి. అది అతుకులకు వాడే కాడ్మియం పేరు నుంచి వచ్చింది. ఆ పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకు చాలా హాని. కేడీఎం అన్నది స్వచ్ఛతకు రుజువు కాదు.

నమ్మకమైన కంసాలి దగ్గర చేయించుకోవడం ఇప్పటికీ మంచి పద్ధతే. వేలిని చూసి చేస్తాడు, మందం మనం చెప్పినట్టు పెడతాడు. మన బంగారమిచ్చి చేయిస్తే కూలి మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది. కానీ అమ్మ ఉంగరమో, అమ్మమ్మ ఉంగరమో కరిగించి కొత్తది చేయించాలనుకుంటే ఒక్క రాత్రి ఆగి ఆలోచించండి. నేను అమ్మది కరిగించలేదు.

సైజు

సైజు తప్పితే మంచి ఉంగరం కూడా దండగే. పొద్దున చన్నీళ్లు పోసుకున్నాక వేలు సన్నగా ఉంటుంది, సాయంత్రానికి, ఎండాకాలంలో కొంచెం ఉబ్బుతుంది. సాయంత్రం కొలవండి. కణుపు మీదుగా కాస్త ఒత్తిడితో దిగాలి, దిగాక వేలి మొదట్లో తిరగాలి, చెయ్యి విదిలిస్తే జారకూడదు. 6 మిల్లీమీటర్లకన్నా వెడల్పు ఉంగరమైతే ఒక సైజు పెంచండి.

పెళ్లికూతురు విదేశంలో ఉంటే ఇంకో తికమక. అమెరికా సైజులు వేరు, మనవి వేరు. మన నంబరు అంటే వేలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో తీసి, అందులోంచి 40 తీసేస్తే వచ్చేది. చుట్టుకొలత 52 అయితే మన సైజు 12, అది అమెరికాలో సుమారు 6. అమెరికా 7 అంటే మనకు 14. మాకు తెలిసిన ఇంట్లో అమ్మాయి డాలస్ నుంచి వాట్సాప్‌లో "6" అని పెడితే, ఇక్కడ తెలియక మన 6లో చేయించారు. నిశ్చితార్థం నాడు అది చిటికెన వేలికే సగం దిగింది. పెద్దలు ఏదో సర్దిచెప్పారు గానీ ఆ పిల్ల మొహం చిన్నబోయింది. చుట్టుకొలత మిల్లీమీటర్లలో అడగండి, లేదా తనకు సరిపోయే ఉంగరం లోపలి వ్యాసం స్కేలుతో కొలిచి 3.14తో గుణించమనండి.

పెళ్లయ్యాక, కాన్పులయ్యాక వేలు మారుతుంది. అందుకే చుట్టూ రాళ్లు పొదిగిన రింగు వద్దంటాను, దాన్ని పెంచడం, తగ్గించడం దాదాపు కుదరదు. సాదాదైతే ఒకచోట కోసి అతుకుతారు. కోసేముందు హెచ్‌యూఐడీ ఎక్కడుందో చూపించి, ఆ చోటు వదిలి కోయమని చెప్పండి. లోపల పేర్లు చెక్కించుకుంటే అదే జాగ్రత్త.

రోజువారీ జాగ్రత్త

తీసి పెట్టాల్సిన పనులు ఇవి: పిండి కలపడం, మాంసం కడగడం, బాత్రూం క్లీనర్లు, బ్లీచింగ్ వాడటం, జుట్టుకు రంగు వేయడం, స్విమ్మింగ్ పూల్, జిమ్. బ్లీచింగ్‌లోనూ పూల్ నీళ్లలోనూ ఉండే క్లోరిన్ బంగారంలో కలిపిన లోహాన్ని తింటుంది, ముఖ్యంగా వైట్ గోల్డ్‌నూ అతుకులనూ. సన్నని కొక్కేలు విరగడానికి ఇది ఒక కారణం. పాత జ్వరం థర్మామీటర్ పగిలితే పాదరసాన్ని ఉంగరం చేత్తో అస్సలు ముట్టుకోకండి. బంగారం క్షణాల్లో తెల్లబడి పెళుసుబారుతుంది, తుడిస్తే పోదు.

తీసినప్పుడు ఎక్కడ పెట్టాలో ఒక్కటే చోటు పెట్టుకోండి. సింకు గట్టు మీద, టిష్యూలో చుట్టి, హ్యాండ్‌బ్యాగ్ పక్క జేబులో పెట్టినవే పోతాయి. మా ఇంట్లో పాత కుంకుమ భరిణె కిటికీ పక్కన మేకుకు వేలాడే చిన్న బుట్టలో ఉంటుంది. ఉంగరం వేలికి ఉంటుంది, లేదా భరిణెలో ఉంటుంది, మూడో చోటు లేదు.

నెలకోసారి కడగడానికి ఖరీదైనవేమీ అక్కర్లేదు. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, పలచటి కుంకుడు రసం లేదా రెండు చుక్కల షాంపూ. పావుగంట నాననిచ్చి, పిల్లల మెత్తటి బ్రష్‌తో రాయి వెనకవైపు నుంచి రుద్దండి, నూనె, పిండి చేరేది అక్కడే. కడగడం గిన్నెలోనే చేయండి, పారే నీటి కింద వద్దు. మెత్తని నూలుగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. టూత్‌పేస్ట్, వంటసోడా వద్దు, గీతలు పడతాయి. చింతపండు, నిమ్మకాయ ఇత్తడికి మంచివి, రాళ్ల ఉంగరానికి కాదు. ఈ రోజుల్లో కెంపుల్లో పగుళ్లను గాజుతో నింపుతున్నారు, పులుపు ఆ గాజును తినేస్తుంది. పచ్చను వేడినీళ్లలో, షాపుల్లో ఉండే, శబ్ద తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేయనివ్వకండి. ముత్యానికీ పగడానికీ తడిగుడ్డ చాలు.

తుడిచాక ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టండి. కిటకిట చప్పుడు వస్తే రాయి వదులైంది. ఆ రోజే తీసి డబ్బాలో పెట్టి, కంసాలి దగ్గరికి వెళ్లేదాకా పెట్టుకోకండి. నాకు ఈ పని ముందే తెలిసుంటే నా ఏడో రాయి ఉండేది.

మెరుగు పెట్టించడం ఏడాదికోసారికి మించొద్దు, ప్రతిసారీ కొంత బంగారం అరుగుతుంది. ముందూ తర్వాతా మీ ఎదుటే తూకం వేయించండి. వీధిలో మెరుగు పెడతామని వచ్చేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. ఆసిడ్ కలిపిన ద్రావణంలో ముంచి తీస్తారు, ఉంగరం తళతళలాడుతుంది, కరిగిన బంగారం వాళ్ల గిన్నెలో మిగులుతుంది.

ఉంగరం కింద చర్మం దురదపెట్టి పొక్కితే అది ప్రతిసారీ బంగారం దోషం కాదు. సబ్బు, తడి లోపల నిలిచి పుండవుతుంది. తీసి, వేలు పూర్తిగా ఆరబెట్టి, తగ్గాకే పెట్టుకోండి. గర్భిణులు సీమంతం నాటికే ఉంగరం తీసి పెట్టుకోవడం మంచిది, చివరి నెలల్లో వేళ్లు వాస్తాయి. పట్టేస్తే చెయ్యి పైకెత్తి కాసేపు ఉంచి, చన్నీళ్లలో ముంచి, కొబ్బరినూనె రాసి తిప్పుతూ తీయండి, లాగకండి. వేలు నీలంగా మారితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి, చిన్న రంపంతో కోసి తీస్తారు. ఉంగరాన్ని మళ్లీ అతికించుకోవచ్చు.

దాచేటప్పుడు ఒక్కొక్క ఉంగరం వేరే మెత్తని గుడ్డ సంచిలో పెట్టండి. వజ్రం పక్కనున్న నగలన్నిటినీ గీస్తుంది. బిల్లు, హెచ్‌యూఐడీ, ఉంగరం ఫోటో ఫోన్‌లో ఒకచోట ఉంచి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి.

చివరికి మా పిల్లకు 22 క్యారెట్ సాదా ఉంగరమే తీసుకున్నాం. 4 మిల్లీమీటర్ల వెడల్పు, 4.1 గ్రాములు, అంచులు గుండ్రం, లోపల ఇద్దరి పేర్లు. మిగిలిన డబ్బుతో వదినగారు కోడలికి ఫంక్షన్లకని చిన్న కెంపుల దుద్దులు కొన్నారు. పెళ్లినాడు బిందెలో ఉంగరాలు తీయించే వేడుకకు నేను ఇంటి నుంచి ఒక చిలకలపూడి బంగారు ఉంగరం, అంటే గిల్టుది, తీసుకెళ్లి పంతులుగారి చేతిలో పెట్టాను. బిందెలో పసుపునీళ్లు, పూలు, నలుగురి తోపులాట, అడుగున ఆ గిల్టు ఉంగరం. అసలు ఉంగరం పిల్ల వేలికే ఉంది, దాని మీద ఆ రోజు ఒక్క గీత కూడా పడలేదు.